కాసుల పేరులో కైసరు

పాత నాణెం ఏదైనా చేతికి వస్తే మన ఇళ్లలో మొదట వినబడే ప్రశ్న "ఇది బంగారమేనా?" అని. బంగారమని తేలితే రెండో ప్రశ్న "ఎన్ని గ్రాములు?" అని. అంతటితో విచారణ ముగుస్తుంది. దానిమీది ముఖం ఎవరిదో, చుట్టూ ఉన్న అక్షరాలు ఏమి చెబుతున్నాయో అడిగేవారు అరుదు. సువార్తలు చదివే మనకు మాత్రం ఆ ప్రశ్న కొత్తది కాదు. కైసరుకు పన్ను కట్టవచ్చునా అని చిక్కు ప్రశ్న వేసినవారిని ప్రభువు ఒక నాణెం తెమ్మన్నాడు. బొమ్మ ఎవరిది, వ్రాత ఎవరిది అని వారినే అడిగాడు. దాని బరువు అడగలేదు. రోమా నాణేలను గుర్తుపట్టే విద్య నేటికీ ఆ రెండు ప్రశ్నలతోనే మొదలవుతుంది.

మేము హైస్కూలులో పాఠాలు చెప్పి విరమించిన దంపతులం. మాలో ఒకరిది చరిత్ర, మరొకరిది భౌతికశాస్త్రం. అందువల్ల చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి పాత నాణెం కనబడినా మా ఇంటికి తీసుకురావడం అలవాటైంది. వచ్చేవాటిలో చాలావరకు కుంఫిణీ కాలపు రాగి నాణేలు, నిజాం రూపాయలు, ఎవరో మహిమ గలవని చెప్పి అంటగట్టిన రామటెంకీలు. వాటి సంగతి పది నిమిషాల్లో చెప్పి, కాఫీ ఇచ్చి పంపించేవాళ్లం. కాని ఒక కాసు మాత్రం మాచేత చాలా రోజులు పని చేయించింది.

దాన్ని తెచ్చినది మా సంఘంలోని ఒక సహోదరి. డెబ్బై ఏళ్లు దాటిన వితంతువు. అందరం పెద్దమ్మగారు అని పిలుస్తాం. ఆమె అత్తగారి నుండి వచ్చిన కాసుల పేరులో ఎక్కువ కాసులు కంసాలి అచ్చు వేసినవే. నాలుగైదు విక్టోరియా రాణి సవర్లు. సరిగ్గా మధ్యన మాత్రం గడ్డం ఉన్న ఒక మగవాని ముఖంతో వేరే రకం నాణెం. "ఇది ప్రభువు కాలం నాటి కాసు" అని అత్తగారు చెప్పేవారట. ఇంట్లో మూడు తరాలుగా ఆ మాటే నిలిచింది.

అప్పుడు ఆమె మనుమడికి కాలేజీలో సీటు వచ్చింది. మొదటి ఏడాది ఫీజు కట్టాలి. బంగారం కొట్టువారు పేరు మొత్తం కరిగించి తరుగు తీసేసి డబ్బిస్తామన్నారు. విదేశంలో ఉన్న బంధువొకరు ఫొటో చూసి, అది రోమా నాణెంలా ఉంది, తనకు పంపితే అక్కడ లక్షలు పలుకుతుందన్నారు. కొడుకు కరిగిద్దామంటాడు, కోడలు పంపిద్దామంటుంది. పెద్దమ్మగారు రెండింటికీ ఒప్పుకోక మనుమణ్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. "మాస్టారూ, టీచరమ్మా, ఇదేమిటో ముందు నిజం చెప్పండి. అబద్ధం చెప్పి అమ్ముకోలేను. తెలియక కరిగించుకోనూలేను" అన్నారు.

రోమా బంగారం పల్నాటి పల్లెలో కాసుల పేరులోకి ఎలా వస్తుందని మీరు అడగవచ్చు. రావడంలో వింత లేదు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో మన మిరియాలు, ముత్యాలు, సన్నని నూలుబట్టలు ఓడలెక్కి ఎర్రసముద్రం మీదుగా రోముకు వెళ్లేవి. ఆ రోజుల్లో ఒక గ్రీకు వర్తకుడు వ్రాసిన సముద్రయాన గ్రంథంలో నేటి మచిలీపట్నం ప్రాంతాన్ని మసాలియా అని పేర్కొని, అక్కడ సన్నని బట్టలు విస్తారంగా నేస్తారని చెప్పాడు. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులు పట్టుకుపోతున్నదని ప్లినీ అనే రోమా పండితుడు వాపోయాడు. ఆ బంగారం, వెండి మన నేలలో ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. 1889లో నేటి పల్నాడు జిల్లా వినుకొండలో 15 రోమా బంగారు నాణేలు దొరికాయి. వాటిలో తిబెరి కైసరు నుండి కారకల్లా చక్రవర్తి దాకా, అంటే దాదాపు రెండు వందల ఏళ్ల కాలపువి ఉన్నాయి. నాగార్జునకొండ తవ్వకాలలోనూ రోమా బంగారు నాణేలు బయటపడ్డాయి.

అన్నిటికంటె మనసును కలచివేసేది నెల్లూరు సంగతి. 1785-86 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాతిగుట్ట పక్కన దున్నుతుండగా నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక చిన్న కుండ, కుండలో రోమా బంగారు నాణేలు. అతడు వాటిని పాత బంగారంగా అమ్మేశాడు. చాలావరకు మూసలోకి పోయాయి. నవాబు అమీర్ ఉల్ ఉమరా ముప్పైకి పైగా నాణేలను తిరిగి రాబట్టాడు. నాటి మద్రాసు గవర్నరు డేవిడ్‌సన్ వాటిలో రెండు ఎంచుకుని, ఆ సంగతంతా ఉత్తరంగా వ్రాశాడు. కొన్ని నిన్న అచ్చు వేసినట్టు మెరుస్తున్నాయనీ, కొన్నింటికి రంధ్రాలున్నాయనీ, వాటిని చేతికో మెడకో ఆభరణంగా ధరించి ఉంటారనీ అందులో చెప్పాడు. ఆ రైతును తప్పుపట్టలేము. అతనికి చెప్పినవారు లేరు. కరిగిపోయిన కాసుల మీద ఎవరి ముఖాలున్నాయో మాత్రం ఇక ఎవరికీ తెలియదు.

అందుకే పెద్దమ్మగారి కాసు విషయంలో మేము తొందరపడలేదు. మొదట చెప్పిన మాట, దాన్ని కుంకుడు రసంతో గాని చింతపండుతో గాని తోమవద్దని. బంగారం మెత్తని లోహం. మెరుపు కోసం రుద్దితే సన్నని గీతలు పడతాయి, అక్షరాల అంచులు అరిగిపోతాయి. చదవవలసినవే చెరిగిపోతే ఇక చదివేదేముంది?

తరువాత ఆచారి గారి దుకాణంలో పేరు విప్పించి తూకం వేయించాము. 7.02 గ్రాములు వచ్చింది. రోమా బంగారు నాణేన్ని ఆరియస్ అంటారు. కైసరు ఔగుస్తు కాలంలో అది 7.8 గ్రాములకు పైబడి ఉండేది. 64వ సంవత్సరంలో నీరో దాన్ని 7.3 గ్రాముల దగ్గరకు తగ్గించాడు. 215లో కారకల్లా 6.5 గ్రాములకు దించాడు. నాలుగవ శతాబ్దం మొదట్లో కాన్‌స్టాంటైన్ దాదాపు 4.5 గ్రాముల సాలిదస్ అనే కొత్త నాణెం తెచ్చాడు. కనుక తూకం కాలాన్ని సూచిస్తుంది. అయితే తూకాన్ని ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. ఇంగ్లీషు సవరను కూడా దాదాపు 8 గ్రాములే, ఔగుస్తు నాణేనికి చాలా దగ్గర!

బంగారం మచ్చు చూడటానికి ఆచారి గారు గీటురాయి తీయబోతే వద్దన్నాము. గీస్తే నాణెం అరుగుతుంది. బదులుగా సన్నని దారంతో కట్టి నీటిలో వేలాడదీసి మళ్లీ తూచాము. 6.64 గ్రాములు తూగింది. తగ్గిన 0.38తో 7.02ను భాగిస్తే సుమారు 18.5. మేలిమి బంగారం సాంద్రత 19.3. వెండి కలిసిందనుకుంటే నూటికి 95 పాళ్ల దాకా బంగారమన్నమాట. మనుమడు కాగితం మీద లెక్క వేసి, "ఇది ఆర్కిమిడీస్ పాఠమే కదా టీచర్!" అన్నాడు. పుస్తకంలో చదివినది నాయనమ్మ కాసు మీద చూశాడు. ఆ ఒక్క మాటతో మాకు ఆ రోజు శ్రమ తీరిపోయింది.

బంగారం మంచిదైనంత మాత్రాన నాణెం పాతదని అర్థం కాదు. నేటి దొంగ నాణేలను కూడా మంచి బంగారంతోనే చేస్తారు. కనుక తరువాత అంచు చూడాలి. సవరను అంచున యంత్రం చేసిన రంపపు గీతలుంటాయి. రోమా నాణేన్ని రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. అందుచేత అంచు నున్నగా, ఒక్కోసారి చిన్న పగుళ్లతో ఉంటుంది, గుండ్రన కూడా సరిగా కుదరదు. పోత పోసిన నకలు అయితే భూతద్దంలో సూదిమొనల్లాంటి గుంటలు, అంచు చుట్టూ రెండు సగాలు కలిసిన గీత కనబడతాయి. పెద్దమ్మగారి కాసుకు గుంటలు లేవు, గీత లేదు. అది సుత్తి దెబ్బ తిన్న నాణెమే. తల పైభాగాన పక్కపక్కనే రెండు రంధ్రాలున్నాయి. మన దేశంలో దొరికిన రోమా బంగారు నాణేలలో ఈ జంట రంధ్రాలు తరచుగా కనబడతాయి. బొమ్మ తల నిలువుగా నిలిచేటట్టు మెడలో వేసుకోవడానికే ఆ ఏర్పాటు.

ఇక ముఖం. తొలి కైసరులు గడ్డం లేకుండా, తలపై ఆకుల దండతో కనిపిస్తారు. 117లో రాజ్యానికి వచ్చిన హాడ్రియన్ నుండి గడ్డాలు మొదలవుతాయి. కాన్‌స్టాంటైన్ తరువాత ఆకుల దండకు బదులు ముత్యాల పట్టీ వస్తుంది. అయిదవ శతాబ్దంలో రాజు పక్కకు కాక, శిరస్త్రాణంతో, భుజం మీద ఈటెతో దాదాపు మనవైపే చూస్తుంటాడు. రాణులను జుట్టు ముడిని బట్టి గుర్తుపడతారు. ఫౌస్తీనా జుట్టు నడినెత్తిన చుట్టి ఉంటుంది. మా ముందున్న ముఖానికి ఒత్తయిన గడ్డం, ఆకుల దండ. 193 నుండి 211 వరకు ఏలిన సెప్టిమియస్ సెవెరస్‌ను పోలి ఉంది.

ముఖం పోలిక చెబుతుంది, పేరు చెప్పేది వ్రాత. రోమా వారు చోటు చాలక మాటలను కుదించి చెక్కేవారు. ఐ, ఎం, పి అని ఉంటే ఇంపరేటర్, అనగా సేనాధిపతి. ఏ, వి, జి అని ఉంటే ఔగుస్తు. వారికి యు అనే అక్షరం వేరుగా లేదు, వి అనే రాసేవారు. పి, ఎం అంటే ప్రధాన పూజారి. టి, ఆర్, పి అక్షరాల పక్కన అంకె ఉంటే అది చక్రవర్తి ఆ అధికారాన్ని ఎన్నోసారి పొందాడో చెబుతుంది, దాన్నిబట్టి నాణెం ఏ ఏడాదిదో తేల్చవచ్చు. సాలిదస్ మీద డి, ఎన్ అనే అక్షరాలు "మన ప్రభువు" అని చక్రవర్తినే సూచిస్తాయి.

చాలామంది పండితులు సువార్తలోని పన్ను నాణెంగా భావించేది తిబెరి కైసరు వెండి దేనారము. అదే బొమ్మ, అదే వ్రాతతో ఆయన బంగారు నాణెం కూడా వేయించాడు. దానిమీది వ్రాతకు అర్థం, దైవమైన ఔగుస్తు కుమారుడైన తిబెరి కైసరు ఔగుస్తు అని. వెనుక పక్క కూర్చున్న స్త్రీ బొమ్మ, ప్రధాన పూజారి అనే బిరుదు. ఒక బంగారు నాణేనికి 25 దేనారములు. ద్రాక్షతోట ఉపమానంలో ఒక దేనారము ఒక దినపు కూలి కదా. అంటే కూలివానికి 25 దినాల చెమట ఒక్క నాణెంలో ఇమిడిపోయింది. నాలుగు వందల ఏళ్లు గడిచేసరికి అదే సామ్రాజ్యపు సాలిదస్ మీద సిలువ పట్టుకుని నిలుచున్న జయదేవత బొమ్మ వచ్చింది. చరిత్ర ఎంత దూరం నడిచిందో రెండు నాణేలు పక్కపక్కన పెడితే చాలు, తెలుస్తుంది.

పెద్దమ్మగారి కాసు మీది వ్రాతను మేము రెండు సాయంత్రాలు దీపం కింద పెట్టి చదివాము. చదివామనడం కంటె కుస్తీ పట్టామనడం నిజం. దూరం నుండి చూస్తే రోమా అక్షరాలే. దగ్గరగా చూస్తే ఎన్ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. ఆ పక్కన వరుసగా నాలుగు నిలువు గీతలు, తరువాత ఒక సున్న, మళ్లీ గీతలు. ఎటునుండి చదివినా మాట కుదరదు. చెక్కినవానికి ఆ లిపి రాదు! ఆ అనుమానాన్ని మనసులో ఉంచుకుని, తూకాలు, రెండు వైపుల ఫొటోలు పట్టుకుని హైదరాబాదులోని ఒక మ్యూజియంలో నాణేల విభాగానికి వెళ్లాము. అక్కడి అధికారి గారు పుస్తకాలలోని బొమ్మలతో పోల్చి చూసి, అసలు సంగతి విడమరచి చెప్పారు.

అది రోములో చేసినది కాదు, నేటి దొంగ నాణెమూ కాదు. సెవెరస్ నాణేన్ని ముందు పెట్టుకుని ఆ కాలం ప్రాంతంలోనే మన దేశపు పనివాడు చేసిన అనుకరణ. రోమా నాణేలకు ఇక్కడ అంత గిరాకీ ఉండేది. ఇటువంటివి దక్షిణ దేశంలో చాలా దొరికాయి. బంగారంలో కల్తీ లేదు, తూకంలో లోటు లేదు, కనుక దాన్ని మోసం అనలేము. తనకు తెలియని భాషను కళ్లతో చూసి చేతితో దింపిన పనితనం అది.

ఈ మాట పెద్దమ్మగారికి ఎలా చెప్పాలా అని దారి పొడవునా ఆలోచించాము. ప్రభువు కాలం నాటిది కాదు. దాదాపు రెండు వందల ఏళ్లు తరువాతది. రోముదీ కాదు. తగ్గించి గాని పెంచి గాని చెప్పకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాము. ఆమె కాసును అరచేతిలో పెట్టుకుని కొంతసేపు చూశారు. "మా అత్తగారు విన్న మాట చెప్పారు. ఆమె అబద్ధమాడలేదు. ప్రభువును నమ్మడానికి నాకు ఈ కాసు సాక్ష్యం అక్కరలేదు గదా" అన్నారు. తరువాత మనుమని వైపు తిరిగి, "పద్దెనిమిది వందల ఏళ్ల క్రితం మన దేశంలో ఎవరో చదువు రాకపోయినా అక్షరాలు చెక్కాడట. నీకు చదువు వస్తుంది, చదువుకో" అన్నారు.

విదేశానికి పంపే మాట అక్కడితో ఆగింది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం దాటించడానికి వీలులేదు. బంధువు మంచి మనసుతోనే అడిగి ఉండవచ్చు, కాని జేబులో పెట్టుకుని విమానమెక్కితే నేరమే. ఈ సంగతి కోడలికి వివరించాము. ఆమె మొదట చిన్నబుచ్చుకుంది. చేతికందవలసిన లక్షలు జారిపోయినట్టు అనిపిస్తే ఎవరికైనా బాధే. చివరకు కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకున్నారు. కంసాలి అచ్చు వేసిన కాసులలో కొన్ని అమ్మి ఫీజు కట్టారు. మధ్య కాసు కరగలేదు. దాని తూకం, ఫొటోలు, అధికారి గారు చెప్పిన వివరం ఒక కాగితం మీద వ్రాసి, కాసుతో పాటు బ్యాంకు లాకరులో పెట్టారు. రేపు ఆ ఇంటి పిల్లలు ఏమి చేసినా తెలిసి చేస్తారు.

చదువరులారా, మీ ఇంటి కాసుల పేరులో, పూర్వీకుల పెట్టెలో ఇటువంటిది కనబడితే మూసలో వేయకముందు కొన్ని పనులు చేయండి. తోమకండి, గీటురాయి మీద రుద్దనీయకండి. తూకం వ్రాసుకోండి. రెండు వైపులా, అంచుకూ ఫొటో తీయండి. అమ్మజూపేవారిని గాని కొనజూపేవారిని గాని కాక, లాభం లేని మూడో మనిషిని అడగండి. మ్యూజియంలో నాణేల విభాగం ఉంటే అక్కడికి వెళ్లండి. పొలంలోనో పునాదిలోనో కొత్తగా దొరికితే అది వేరే సంగతి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలి. దాచితే దొరికినవాడు తన వాటాను పోగొట్టుకుంటాడు, శిక్షకూ గురవుతాడు.

నాణెం విలువ బంగారంలో కొంత ఉన్నది, మనం చెప్పుకునే కథలో కొంత ఉన్నది. కాని అసలు విలువ దానిమీద ముద్రించినదానిలో ఉన్నది. ముఖం అరిగి, అక్షరాలు తప్పిపోయిన కాసును కూడా ఓపికగా వెలుతురులో తిప్పి చూస్తే అది ఎవరి పోలికలో చేయబడిందో తెలుస్తుంది. మనుష్యుల విషయంలోనూ అంతే. కైసరు పోలికను కాసు మీద వెదికే మనం, దేవుని పోలికలో చేయబడిన పొరుగువానిని తూకం వేసి, తరుగు తీసి, విలువ కట్టకుందుము గాక.